మగ్గాల వీధిలో ఆకుకూర

కే.జీ.కండిగైలో తన మడిలో పెంచిన తోటకూర, మునగాకు గంపకెత్తుకుని మునిలక్ష్మి పది రోజులుగా తిరుత్తణి పక్కనున్న మరమగ్గాల వీధికి పోతోంది. అక్కడ కూరగాయల అంగడి లేదు. సంతకు పోవాలంటే మగ్గం ఆపి బస్సెక్కాలి. అందుకే ఇంటింటా రోజూ నిలవుండే ఉర్లగడ్డ దుంపలే. అయినా "ఆకుకూరలూ!" అని ఆమె గొంతు చించుకున్నా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. "వీళ్లకు పచ్చాకంటే పడదు" అని తిట్టుకుంటూ, వాడిపోయిన కట్టలు మేకలకు వేసేది.

పదకొండో రోజు ఆమె వీధి మధ్యలో ఉండగా కరెంటు పోయింది. మగ్గాల మోత ఒక్కసారిగా ఆగింది. తన కేకకు తానే ఉలిక్కిపడింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"ఇన్నాళ్లూ యాడుంటివక్కా? ఆకుకూర తిని నెలయింది" అంది మగ్గం మీంచి లేచొచ్చిన కలైవాణి.

"యాడుంటినా? మీ వాకిట్లోనే అరస్తా ఉండాను గదమ్మా!"

కరెంటు రాగానే అందరూ లోపలికి పరుగెత్తారు. మర్నాటి నుంచి మునిలక్ష్మి ప్రతి కిటికీ కమ్మీకీ ఒక కట్ట కట్టిపోయేది. తిరిగొచ్చేసరికి కట్ట ఉన్నచోట చిల్లర ఉండేది.

నాలుగేళ్లయింది. ఆమె గొంతును ఆ వీధి విన్నది ఆ ఒక్క పూటే.