సోర్కాక్ ఆగిన చోటు

మా బావ సోర్కాక్‌ని మా అన్న ఇలాంగువాక్ ‘తాతా’ అని పిలుస్తాడు. మా బావ అన్నకంటే ఆరేడేళ్ళు పెద్ద, అంతే. కానీ మా తాత పేరు కూడా సోర్కాకే. ఆయన ఎలుగ్గొడ్డు ముక్కు దాటాక, గడ్డకట్టిన సముద్రం మీద మంచు విరిగి, బండి లాగే కుక్కలతో సహా నీళ్ళలో పోయాడు. ఎలుగ్గొడ్డు ముక్కంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొస. శవం దొరకలేదు. ఆ వసంతంలోనే పక్కింట్లో మగపిల్లాడు పుడితే ఆ పేరు వాడికి పెట్టారు. పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. మా నానమ్మ రోజూ వెళ్ళి ఆ పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, “మా ముసలాయన ఎంత చిక్కిపోయాడో చూడండి” అనేదట. సీల్ జంతువుని వేటాడి తెచ్చిన రోజు దాని కాలేయంలో మెత్తటి ముక్క వాడికే పంపేది.

ఆ పిల్లాడే పెరిగి పెద్దవాడై మా అక్కని చేసుకున్నాడు. “తాతని పెళ్ళాడిన మనవరాలు” అని ఊరంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. నేను మాత్రం బావా అనే పిలుస్తాను. ఇన్ని వరసలు నాకు గుర్తుండవు.

బావ మంచి వేటగాడు. ఎక్కువ మాట్లాడడు. వేట సరిగ్గా సాగని ఏళ్ళలో, వసంతకాలంలో బయటినుంచి వచ్చేవాళ్ళని కుక్కబండి మీద, నీళ్ళు మొదలయ్యే మంచు అంచుదాకా తీసుకెళ్ళేవాడు. నాకు వాళ్ళ డేనిష్ భాష వచ్చు కాబట్టి, ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి నన్ను వెంటబెట్టుకునేవాడు. రెండో బండి మా అన్న తోలేవాడు.

ఒక ఏడాది డోర్తె అని ఒకావిడ వచ్చింది. అరవై దాటినా గట్టి మనిషి. మంచు అంచున వాల్రస్‌లని, ఆ పొడుగు కోరల సముద్రజంతువుల్ని, చూడాలని ఆవిడ కోరిక. మొదటి రోజు ప్రయాణం బాగా సాగింది. ఎండ కాసింది, మంచు గట్టిగా ఉంది, కుక్కలు తోకలెత్తి పరుగెత్తాయి. రెండో రోజు ఎలుగ్గొడ్డు ముక్కు తిరగ్గానే బావ ఉన్నట్టుండి కుక్కల్ని ఆపేశాడు.

కుక్కలు తాపీగా పడుకున్నాయి. వాటికేమీ తేడా కనబడలేదు. బావ దిగి, ఇనపమొన కర్రతో ముందుకెళ్ళి మంచుని పొడిచి చూశాడు. మరోచోట పొడిచాడు. మంచు ఖంగుమంది. అయినా కర్ర పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

అన్న తన బండి దిగి వచ్చాడు. “ఏంటి తాతా, మంచు బాలేదా?”

“బానే ఉంది.”

“నీళ్ళేమైనా కనబడ్డాయా?”

“లేదు.”

“మరెందుకాగావ్?”

“అదే తెలీట్లేదురా.”

అన్న కొండ ముక్కు వైపు చూశాడు, బావ వైపు చూశాడు. గొంతు తగ్గించి, “నువ్వు పోయింది ఇక్కడే కదా. అదేమైనా గుర్తొస్తోందా?” అన్నాడు.

“నాకెలా గుర్తుంటుందిరా? నేను పుట్టకముందు సంగతి!”

“పుట్టకముందుది కాబట్టే అడుగుతున్నా.”

డోర్తె నా మోచెయ్యి తట్టింది. “ఏమంటున్నారు?”

ఉన్నదే చెప్పాను. “ఈయన ఇదివరకు ఇక్కడే చచ్చిపోయాడట.”

“చావబోయి బతికాడనా?”

“కాదండీ. చచ్చిపోయాడు.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నాకు భాష సరిగ్గా రాదనుకుని ఉంటుంది. ఒక్కొక్క మాటే విడదీసి, “అయితే ఇప్పుడు అక్కడున్నది ఎవరు?” అని అడిగింది.

“మా బావ. అంటే మా తాత,” అన్నాను.

మంచు కరిగించి టీ కాచుకున్నాం. బావ కప్పు చేత్తో పట్టుకున్నాడు గానీ తాగలేదు. ఆయన ముఖంలో అలాంటి చూపు నేనెప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి, ఇది నా ఇల్లేనా అని అనుమానపడినవాడిలా ఉన్నాడు. చివరికి కప్పులో టీ పారబోసి, “తిరిగిపోదాం,” అన్నాడు.

“ఈ భయం నీదా తాతా, ఆయనదా?” అన్నాడు అన్న.

“ఎవరిదైతే ఏంరా, కాళ్ళు కదలట్లేదు.”

డోర్తెకి చెప్పాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అంది. నేను ఆ మాట బావకి చెప్పలేదు. ఆయనకి అర్థమయ్యే ఉంటుంది, ఆవిడ వైపు చూడకుండా బండి తిప్పాడు.

వెనక్కి వస్తుంటే మా ఊరి ఊలోరియాక్ ఎదురయ్యాడు. మంచు అంచుకే వెళ్తున్నాడు. “ఏంటి, వాల్రస్‌లన్నిటికీ వీడ్కోలు చెప్పొచ్చేశారా?” అని అరిచాడు. బావ చెయ్యి ఊపాడు. ఆగి ఏమీ చెప్పలేదు. ఏమని చెప్తాడు?

మేము గడ్డకట్టిన అఖాతం మీద గుడారం వేశాం. బావ, సీల్‌లు ఊపిరికి పైకొచ్చే మంచు కన్నం దగ్గర కాపు కాసి ఒక సీల్‌ని కొట్టాడు. డోర్తె దాని కాలేయం తిని, ఇంకో ముక్క అడిగింది. మర్నాడు ఊలోరియాక్ బండినిండా వాల్రస్ మాంసంతో మా గుడారం పక్కగా వెళ్ళాడు. “మంచు రాయిలా ఉంది! పడుకుని దొర్లొచ్చు!” అన్నాడు. అన్న తల దించుకున్నాడు. డోర్తె నేరుగా బావ ముందు నిలబడి, “మరి ఎందుకు తిరిగొచ్చాం?” అని అడిగింది. నేను ఆ మాట బావకి మా భాషలో చెప్పాను.

“తెలీదని చెప్పు,” అన్నాడు బావ. “నిజంగానే తెలీదని చెప్పు.”

ఆవిడ వెళ్ళిపోయిన వారానికి దక్షిణపు గాలి లేచింది. ఎలుగ్గొడ్డు ముక్కు అవతలి మంచంతా ఒక్క పలకగా విరిగి సముద్రంలోకి కొట్టుకుపోయింది. దాని మీద ఎవరూ లేరు. ఊళ్ళో సగం మంది, “చూశారా, ఆయనకి తెలుసు,” అన్నారు. ఊలోరియాక్ మాత్రం, “వారం ముందు తెలియడం ఏం తెలియడం? ఏటా విరిగేదేగా!” అన్నాడు. నాకు రెండూ నిజమే అనిపించాయి. బావ ఏ పక్కా చేరలేదు. ఎవరైనా పొగిడితే చిరాకు పడేవాడు, ఎగతాళి చేస్తే కాస్త కుదుటపడేవాడు.

ఒకరోజు కుక్కల పట్టెడలు కుడుతూ నన్నడిగాడు. “తుకుమెక్, నువ్వు నా పక్కనే ఉన్నావుగా. భయపడింది నేనేనా?”

“నువ్వే బావా. ఇంకెవరున్నారక్కడ?”

“నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ మంచుని నేనెప్పుడూ అలా చూళ్ళేదు.”

మరుసటేడు ఇంకెవరినో తీసుకుని అదే దారిన వెళ్ళాం. కొండ ముక్కు తిరిగేటప్పుడు నేను ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆయన కొరడా ఝళిపించి ముందుకే పోనిచ్చాడు. అంచుదాకా వెళ్ళాం, వాల్రస్‌లు కనబడ్డాయి, వచ్చినవాళ్ళు సంతోషపడ్డారు.

తిరుగుదారిలో అడిగాను. “ఈసారి ఏమీ అనిపించలేదా బావా?”

“లేదు.” కొంతదూరం పోయాక మళ్ళీ తనే అన్నాడు. “లోపల నేనొక్కణ్ణే ఉన్నట్టుంది. పోయినేడు భయమేసింది, ఈసారి దిగులేసింది. ఏది నయమో తెలీట్లేదు.”

నేనేదో అనబోయేంతలో రెండు కుక్కలు కొట్లాడుకుని తాళ్ళు చిక్కుపడ్డాయి. ఆయన వాటిని తిట్టుకుంటూ దిగాడు.