నడిమి కిటికీ

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని ఆ భవనంలో అందరూ మేస్త్రీ అనేవారు. ఇంట్లో పెళ్లాం కూడా అంతే. చీకటి గోతుల్లో వేలాడుతూ పనిచేసే మనిషి, భయమంటే ఎరగడు.

ఒక సాయంత్రం కూతురు కంప్యూటర్లో గళ్ల ఆట చూపించింది.

"వెలిగిన గడి చుట్టూ రెండో మూడో వెలుగుతుంటే అది బతుకుతుంది నాన్నా. లేదంటే పోతుంది. ఆరిన గడి చుట్టూ సరిగ్గా మూడుంటే వెలుగుతుంది."

అడ్డంగా ఉన్న మూడు గళ్లు నిలువయ్యాయి, మళ్లీ అడ్డమయ్యాయి. నడిమిది మాత్రం ఆరడమే లేదు.

మర్నాడు పనికి వెళుతూ మేస్త్రీ వెనక్కి తిరిగి చూశాడు. ఎముకలు కొరికే చలికి భవనమంతా కిటికీలు బిగించుకుంది. తెరిచినవి మూడే: తనదీ, ఇటు అటు పక్కిళ్లవీ. ఆ మర్నాడు పక్కవి మూతపడి, పైదీ కిందదీ తెరుచుకున్నాయి. తర్వాత మళ్లీ పక్కవి.

కూతురి ఆటలో ఆ మూడు గళ్లు గుర్తొచ్చాయి. గబగబా పైకెళ్లి తన కిటికీ మూసేశాడు.

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది! ఆ దుమ్మంతా నా నెత్తినే కదా," అంది భార్య.

తెల్లారేసరికి ఒక్క కిటికీ తెరిచి లేదు. లిఫ్టు కదల్లేదు. పిల్లల అల్లరి లేదు, కుళాయి చప్పుడు లేదు. పక్కింటి తలుపు తట్టాడు. ఎంతసేపటికో పిన్నిగారు తీసింది. ఆయన్ని ఎప్పుడూ చూడనట్టే చూసింది.

"కాస్త కిటికీ తెరవండి పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది."

"ఎందుకు నాయనా?"

ఆమె గొంతులో ప్రాణమే లేదు. ఆయనే లోపలికెళ్లి తెరిచాడు. అటుపక్క ఇంట్లోనూ బతిమాలి తెరిపించాడు. చివరికి తనది తెరిచి, దాని ముందే కూలబడ్డాడు.

మర్నాడు పైదీ కిందదీ తెరుచుకున్నాయి. లిఫ్టు గంట మోగింది. పిన్నిగారు ఎవరితోనో పోట్లాడుతోంది. ఆ గొంతు వింటుంటే మేస్త్రీకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత భార్య ఇల్లు మారదామన్నా ఆయన ఒప్పుకోలేదు. వానొచ్చినా, చలేసినా ఆ కిటికీ రెక్క వెయ్యనివ్వలేదు. చివరికి ఊపిరితిత్తులకు నెమ్ము చేసి ఆసుపత్రిలో పడ్డాడు.

"కిటికీ?" అన్నాడు భార్యను చూడగానే.

"మూసేద్దామనే వెళ్లాను," అందామె మెల్లగా. "గడియ మీద చెయ్యేశానో లేదో, ఇటూ అటూ గోడలమీదా, పైకప్పు మీదా, కాళ్లకింద నేలమీదా ఎవరో కొట్టడం మొదలెట్టారు. అలాగే తెరిచి వదిలేసి వచ్చాను."

మేస్త్రీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.