జుబేర్ పంపిన హెక్స్ ముక్కలు

సుభానికి కాదనడం చేతకాదు. ఏలూరులో నా జిరాక్స్ షాపు పక్కనే ఆయన ఎలక్ట్రానిక్ సర్క్యూట్ కార్డులు రిపేరు చేసే కొట్టు. ఏది తెచ్చినా "అయిపోద్దండీ, కూర్చోండి" అంటాడు. ఆ మాట నమ్మి నా బెంచీ మీద పడిగాపులు కాసేవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చేది మాత్రం నేను.

ఆ రోజు పొద్దుటి నుంచీ మబ్బు. కొల్లేటికోటలో చేపల చెరువు చేసే వెంకట్రాజు మాడిపోయిన కార్డు పట్టుకొచ్చాడు. చెరువు నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లది. బ్యాటరీ మోటార్లు, ఆ కార్డు లేనిదే కదలవు. తయారుచేసిన కంపెనీ మూతపడింది.

"ఎండ లేదండీ. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందండీ. సాయంత్రానికి ఇవి తిరక్కపోతే చెరువంతా పోద్దండీ."

"అయిపోద్దండీ, కూర్చోండి."

కొత్త చిప్ వేశాడు. ఖాళీ చిప్‌కి ప్రోగ్రాం ఎక్కించాలి. అది సుభాని దగ్గర లేదు, తాడేపల్లిగూడెంలో బావమరిది జుబేర్ ఫోన్లో ఉంది. ఎప్పుడో ఫైలు వెళ్ళకపోతే, జుబేరూ తోటి మెకానిక్కులూ దాన్ని హెక్స్ రాతగా మార్చుకుని ముక్కలు ముక్కలుగా మెసేజీలు పెట్టుకున్నారు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. రెండు కలిస్తే ఒక బైటు. ఆ రాతను తిరిగి బైట్లుగా మారిస్తేనే చిప్‌కి అర్థమవుతుంది.

జుబేర్ ముక్కలన్నీ పంపాడు. సుభాని అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, నా కంప్యూటర్లో మార్చి, చిప్‌కి ఎక్కించాడు. పరీక్షకని బల్ల మీద పెట్టుకున్న మోటారు కదల్లేదు. మళ్ళీ మార్చాడు, మళ్ళీ ఎక్కించాడు. అదే కథ.

వెంకట్రాజు ఫోను మోగింది. చెరువు గట్టు మీద నుంచి భార్య వీరరాఘవమ్మ. స్పీకరు పెట్టాడు.

"చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండీ. తొరగా రండీ."

అతని మొహం చూడలేకపోయాను. సుభాని మూడోసారీ అదే పని మొదలెడితే ఒళ్ళు మండింది.

"ఏవండీ, అసలు ఏం ఎక్కిస్తున్నారో చూశారా?" అని అరిచాను.

అప్పుడు ఫైలు తెరిచి చూశాడు. ప్రతి ముక్క ముందూ జుబేర్ పేరు, తారీఖు, టైము. కలిపి కాపీ కొడితే ఫోను వాటిని తగిలిస్తుంది. తారీఖులోవీ అంకెలే కదా, మార్చే సాఫ్ట్‌వేర్ వాటినీ ప్రోగ్రాంలో భాగమే అనుకుంది. ఒక్క అంకె అదనంగా దూరితే ఆ తర్వాతి జతలన్నీ చెడిపోతాయి.

"అయ్యో అల్లా," అంటూ ఒక్కొక్కటీ తీసేశాడు. మార్చి, ఎక్కించాడు. బల్ల మీది మోటారు గిర్రున తిరిగింది.

వెంకట్రాజు ఏడుస్తూ ఆయన చేతులు పట్టుకున్నాడు. కార్డు చొక్కాలో దోపుకుని బండెక్కాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. సుభాని టీ చెప్పాడు. టీ రాకముందే ఆయన ఫోను మోగింది.

"వీరరాఘవమ్మనండీ. ఆయన ఫోన్ ఎత్తట్లేదండీ. మీరన్నా చెప్పండి, బండి నిదానంగా తోలమని. చేపలన్నీ తెల్లగా తేలిపోయాయండీ."

సుభాని ఫోను పెట్టేసి వెంకట్రాజుకి చేశాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు.