పదిహేడో మెట్టులో లొసుగు

విశ్వవిద్యాలయంలో అందరూ ఆయన్ని నీటి మాస్టారనేవారు. తండ్రి కుళాయిలు బాగుచేసేవాడు. కొడుకు పానా వదిలి సుద్దముక్క పట్టాడు కానీ నీళ్లను మాత్రం వదల్లేదు. గొట్టంలో నీరు ఎప్పుడు సాఫీగా పారుతుందో, ఎప్పుడు సుడి తిరుగుతుందో ముప్పై ఏళ్లకే సమీకరణాలతో తేల్చేశాడు. ఆ సిద్ధాంతం పాఠ్యపుస్తకాలకెక్కింది. భౌతికశాస్త్రం వాళ్లు, గణితం వాళ్లు మావాడంటే మావాడని కొట్టుకున్నారు. ఇంట్లో కుళాయి కారితే మాత్రం భార్య పక్కింటాయన్ని పిలిచేది.

ఆయనకో జబ్బుంది. మనసుకు తట్టినదాన్ని విడమర్చి రాసే ఓపిక లేక ‘ఇది స్పష్టమే’ అని రాసి ముందుకు దూకేస్తాడు. లెక్కలవాళ్లలో చాలామందికి ఉన్న జబ్బేలెండి.

ఉద్యోగ విరమణ సభ వారం రోజులుందనగా ఆయన చివరి శిష్యురాలు నోటుపుస్తకంతో వచ్చింది. నాలుగేళ్ల పరిశోధన మొత్తం ఆయన సిద్ధాంతం మీదే కట్టుకున్న పిల్ల.

"సార్, మీ నిరూపణలో పదిహేడో మెట్టు దగ్గర స్పష్టమే అని రాశారు. మూడు నెలల్నుంచీ తల బద్దలు కొట్టుకుంటున్నా, నాకు అంతుపట్టట్లేదు."

"ఐదు నిమిషాల పనమ్మా, కూర్చో."

ఆ ఐదు నిమిషాలు కాస్తా సాయంత్రమైంది. బోర్డు మూడుసార్లు నిండింది. మోచేతుల దాకా సుద్ద పట్టింది. నీటి వేగం పెరిగితే ఆ మెట్టు నిలవడం లేదు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నోరు మూసుకుంటే సభ సజావుగా జరుగుతుంది, పిల్లకు పట్టా వస్తుంది. నోరు విప్పితే ఇద్దరి కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

"కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది, ఊరుకోండి సార్" అన్నాడు సంగతి విన్న శాఖాధిపతి.

ఇంట్లో భార్య మాత్రం అన్నం వడ్డిస్తూ, "కూరలో ఉప్పెక్కువైతే నా మొహం మీదే అనేస్తారు కదా. మీ లెక్క తప్పితే చెప్పడానికి నోరు రావట్లేదా?" అంది.

సభలో అందరూ పొగిడాక ఆయన లేచి పదిహేడో మెట్టును బోర్డు మీద రాశాడు.

"ఇది తప్పు. పట్టుకుంది నేను కాదు, ఆ అమ్మాయి. నెమ్మదిగా పారే నీటికే నా మాట నిలుస్తుంది. వేగంగా పారితే ఏమవుతుందో నాకు తెలీదు."

చెప్పేశాక ఆయన గుండె తేలికపడింది కానీ, ముందు వరసలో శిష్యురాలు కళ్లు తుడుచుకోవడం చూసి మళ్లీ బరువెక్కింది.

వరండాలో ఆమె ఆయన్ని ఆపింది. "నా నాలుగేళ్లు పోయాయి సార్. మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి. ఎన్నాళ్లు పడుతుంది?"

"తెలీదమ్మా. నిజంగానే తెలీదు." ఆయన చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. "రేపట్నుంచి నాకు ఇక్కడ గది ఉండదు. నీ గదిలో నాకో కుర్చీ వేస్తావా?"

ఆమె ఏడుస్తూనే తలూపింది.

మర్నాడు తొమ్మిదింటికి ఆమె తాళంచెవి వెతుక్కుంటూ వచ్చేసరికి, నీటి మాస్టారు కొత్త నోటుపుస్తకం చంకలో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.