రోజుకో జానెడు ఎండ

చంద్రరావుగారికి ఉన్నది ఒకటే జబ్బు. తన నర్సరీలో ఏ కుండీనీ ఉన్నచోట ఉండనివ్వరు. నీడ కోసం పైన కట్టిన షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కని రోజుకో జానెడు ఎండవైపు జరుపుతూనే ఉంటారు. కడియంలో అందరూ మొక్కలు అమ్ముకుంటుంటే ఈయన ఊరేగిస్తున్నారని చుట్టుపక్కలవాళ్లు నవ్వుకునేవారు.

ఒకసారి మండపేట నుంచి బుజ్జిబాబు ఆటో వేసుకుని వచ్చాడు.

"పది మందారాలు ఎక్కించండి."

"కుదరదండి. ఇవి నీడలో వేసిన ఆకులు, పల్చన. మీ డాబా వేడికి మాడిపోతాయి. మెల్లగా ఎండ అలవాటు చేస్తే చిన్నగా, దళసరిగా కొత్తాకు వేస్తాయి. అప్పుడు రండి."

"గృహప్రవేశం రేపండీ బాబూ!"

"రేపు మీరు ప్రవేశించండి. మొక్కలు వచ్చే నెల ప్రవేశిస్తాయి."

మొక్కల కవర్లలో మట్టి నింపే మెర్సీ ఇలాంటివి చూసినప్పుడల్లా పడీపడీ నవ్వేది. ఆ నవ్వు టైఫాయిడ్‌తో పోయింది. చలికాలం చివర్లో మళ్లీ పనిలోకి వచ్చిందిగాని, కాస్త ఎండ తగిలితే చాలు కళ్లు తిరిగేవి. నర్సరీ పనంటేనే ఎండ. నిలబడలేని మనిషిని ఎన్నాళ్లు ఉంచుకుంటారు? ఈ పని పోతే ఇల్లెలా గడుస్తుంది? ఆ బెంగతో ఆమెకి కూర్చున్నచోట కుదురుండేది కాదు.

దానికితోడు, పొద్దున్నే వచ్చేసరికి ఆమె పీట చోటు మారి ఉండేది.

"మళ్లీ జరిపారేంటండీ? నిన్న అక్కడ కదా కూర్చున్నాను!"

"అక్కడ కుండీలు పెట్టాలమ్మా," అంటూ ఆయన ఇంకో కుండీ ఎత్తుకుని తప్పించుకునేవారు.

ఇలా జరిపి జరిపి ఒకరోజు గేటు బయట పడేస్తారని మెర్సీ లోలోపల ఉడికిపోయింది.

వేసవి ముదిరింది. ఒక మధ్యాహ్నం గులాబీల కోసం వచ్చినావిడ ఆగి, "ఏంటమ్మా, ఇంత ఎండలో కూర్చున్నావు? కళ్లు తిరగట్లేదా?" అంది.

మెర్సీ తలెత్తి చూసింది. పైన నెట్ లేదు. పొద్దుటి నుంచీ అక్కడే పనిచేస్తోంది. కళ్లు తిరగలేదు సరికదా, ఆ సంగతే గుర్తులేదు.

విసవిసా చంద్రరావుగారి దగ్గరికి వెళ్లింది.

"నన్నూ కుండీలతోపాటు జరిపారా అండీ? ఒక్క మాట చెప్పొచ్చు కదా! పనిలోంచి తీసేస్తారేమోనని ఇన్నాళ్లూ హడలి చచ్చాను."

"చెబితే పీట వెనక్కి లాక్కునేదానివి కదమ్మా. కుండీలకైతే చేతుల్లేవు."

మెర్సీకి ఏడుపు రావలసినచోట నవ్వొచ్చింది. మర్నాడు తనే పీట ఎత్తుకెళ్లి, తనకి నచ్చినచోట వేసుకుని కూర్చుంది.

"ఇక దీన్ని కదిపితే ఊరుకోనండి!"

చంద్రరావుగారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బుద్ధిగా నిలబడ్డారు.