పెద్దమ్మ పక్కన బ్యాంజో

ఆరో తరగతిలో బడి మానేశాను. మాస్టారూ నేనూ ఇద్దరం సుఖపడ్డాం. ఆ తర్వాత నేను బుద్ధిగా నేర్చుకున్నది ఒక్క బ్యాంజోనే. తీగల మీద టైపు మిషను మీటల్లాంటివి ఉంటాయే, మన భజనల్లో వాయించేది, అది. ఇక్కడ బర్మాలో, బోటాటౌంగ్ పేటలోని మన తెలుగువాళ్ల గుడిలో శనివారం భజనకు పాడేది మా పెద్దమ్మ. ఆమె కుడిపక్క చోటు పదిహేనేళ్లుగా నాది.

మన వాయింపు తెలిసిందే. ఎడమచెయ్యి మీటలు నొక్కుతుంటే కుడిచెయ్యి తీగల్ని పైకీ కిందికీ గీకుతూనే ఉండాలి. సందు ఇచ్చామా, భజన చల్లబడినట్టే. నేను వాయిస్తుంటే వీధి చివర టీకొట్టాయన కూడా తల ఊపేవాడు. వద్దని ఊపాడేమో, నేనడగలేదు.

పోయిన వర్షాకాలంలో అహ్లోన్ పేట నుంచి ఒకడొచ్చాడు. తల్లి మన తెలుగమ్మాయి, తండ్రి బర్మావాడు. వాయింపు తండ్రి దగ్గర నేర్చాడట. అదే బ్యాంజో, అవే మీటలు. కానీ వీడు గీకడు. ఒక్కో స్వరాన్నీ విడిగా మీటి ఆగుతాడు. పాట కాస్త ముందుకెళ్లాక తీరిగ్గా వెనకాల వస్తాడు, బస్సు తప్పిపోయినవాడిలా.

"ఈడు వాయిస్తే పేనం హాయిగా ఉందిరా" అంది పెద్దమ్మ. నేను నా బ్యాంజో తీగలు ఇంకాస్త బిగించాను.

శ్రీరామనవమికి తన పక్కన ఎవరు కూర్చోవాలో ముందు శనివారం తేలుస్తానంది. ఆ వారమంతా తలుపులేసుకుని వాడి పద్ధతే సాధన చేశాను. మీటడం, ఆగడం.

"ఏటి, తీగలు తెగిపోనాయేటి?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

శనివారం నేనే ముందు వాయించాను. రెండో చరణం మధ్యలో పెద్దమ్మ పాట ఆపి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఏటిరా, ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉంది పెద్దమ్మా. బర్మా వాయింపు."

"నీకెందుకురా అది? పోయి అలా గాలికి కూకో. బాబూ, నువ్వు రా."

"ఏటనుకోకు అన్నా" అంటూ వాడు నా చోట్లో కూర్చున్నాడు. అప్పటికి నాకు మిగిలిన పని అనుకోవడమొక్కటే.

గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాను, ఎక్కడ తప్పుతాడా అని. పెద్దమ్మకు ఈమధ్య ఊపిరి అందడం లేదు. పల్లవి చివర గొంతు తెగుతుంది. నేనైతే అక్కడ ఇంకా గట్టిగా గీకి కప్పేసేవాణ్ని, అదే సాయమనుకుని. వాడు ఆమె మొహం చూసి ఆగాడు. ఆమె నిమ్మళంగా ఊపిరి తీసుకుని మళ్లీ అందుకుంది. అప్పుడు మీటాడు. నేను వారమంతా ఆగడం నేర్చుకున్నాను గానీ, ఆమె మొహం ఒక్కసారీ చూడలేదు.

నవమికి ఆమె పక్కన వాడే కూర్చున్నాడు. నాకు వాయించమని కంచు తాళాలిచ్చారు. వాడు మీటిన ప్రతిచోటా కాస్త గట్టిగానే వేశాను.