రవంత తిట్టి చూపించండి

మునివెంకటప్పకు ఒకటే జబ్బు. మర్యాదగా మాట్లాడే నోటిని ఆయప్ప నమ్మడు.

పూతలపట్టు నుంచి శ్రీనివాసులని ఒక రిటైరైన హెడ్మాస్టరు వచ్చినాడు ఒకసారి. తిరుపతిలో మునివెంకటప్ప కట్టుడుపళ్ళు చేసే మా ల్యాబు మెట్లెక్కి, రీలైను చేసినాక కూడా పైసెట్టు రవంత వదులుగా ఉండాదని చెప్పినాడు. మాట్లాడి చూపించమన్నాడు మునివెంకటప్ప. ఆయన ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చెప్పినాడు, వారాల పేర్లు చెప్పినాడు. పన్ను కదల్లేదు. మునివెంకటప్ప గడ్డం గోక్కుంటా, "మీ బడిలో పదో తరగతి పిల్లోళ్ళు అందరూ పాసైనారంట గదా సార్. స్లిప్పులు మీరే అందించినారా, అటెండరుతో పంపించినారా?" అన్నాడు.

హెడ్మాస్టరు లేచి నిలబడినాడు. ముప్పై ఆరేండ్ల సర్వీసులో ఎవురూ అనని మాట. ఎవుర్రా నువ్వని మొదలుపెట్టి, ఈయప్ప తాతముత్తాతల దాకా పోయి, నోరు పూర్తిగా తెరిచినాడో లేదో, పైసెట్టు ఊడి ముందుకు దూకింది. మునివెంకటప్ప అప్పటికే చెయ్యి చాపి పెట్టుకోనుండాడు. సరిగ్గా అరచేతిలో పడింది. మన పళ్ళు ఎదుటోడి చేతిలో ఉంటే మనం ఏం కొట్లాడతాం? ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

"ఎడమపక్క వెనకాల లేస్తా ఉండాది సార్. చక్కగా తిట్టినారు. కాఫీ తాగుతారా?" అన్నాడు ఈయప్ప. ఆయప్ప గెలిచిన కొట్లాటలన్నీ ఇట్లాంటివే.

ఆ ల్యాబులో పద్దెనిమిదేండ్లుగా ప్లాస్టరు అచ్చులు పగలగొట్టి పళ్ళు కడిగేది నేను. కాబట్టి ఈ యవారం నాకు తెలిసినంత డాక్టర్లకు కూడా తెలీదు. పళ్ళు లేని చిగురు వాడిన సబ్బు మాదిరి ఏటేటా అరిగిపోతాది. అరిగితే సెట్టు వదులైపోతాది. డాక్టరు సెట్టు లోపల మెత్తటి మందు పూసి, నోట్లో పెట్టి, చిగురు అచ్చు తీసి పంపిస్తాడు. మేము ఆ మందు తీసేసి, అదే ఆకారానికి గట్టి పూత పోస్తాం. రీలైనంటే అంతే. చెప్పేదానికి సులువు, కుదిరేదే కష్టం. లోపల పాత పూత సరిగ్గా గీకకపోతే కొత్తది పెచ్చులూడతాది. అచ్చు తీసేటప్పుడు సెట్టు జరిగితే పళ్ళు ముందుగానే తగిలి టకటకమంటాయి.

ఈ తప్పులన్నీ పట్టుకునేదానికి పెద్ద పెద్ద మిషన్లు ఉండాయంట. మునివెంకటప్ప దగ్గర తిట్లుండాయి. అంకెలు చెప్పమంటే ఎవురైనా నోరు సర్దుకోని చెప్తారు, తిట్టేటప్పుడు ఎవురూ సర్దుకోరనేది ఆయప్ప సిద్ధాంతం. చిత్తూరు రైతు వస్తే మీ తోట మామిడి పులుపంట గదా అంటాడు. నగరి నేతగాడు వస్తే మీ లుంగీ మొదటి ఉతుక్కే తెల్లబడతాదంట గదా అంటాడు. అత్తగార్లకు మాత్రం ఏ తిట్టూ అక్కర్లేదు. మీ కోడలి వంట బాగుంటాదంట గదమ్మా అంటే చాలు. వాళ్ళు తిడతా ఉంటే ఈయప్ప కండ్లు మూసుకోని, కచేరీ వింటున్నట్టు తలాడించి, "ఆ చివరి మాట ఇంకొకసారి అనండి సామీ, కుడిపక్క ఏదో శబ్దం వచ్చింది" అంటాడు. సగం మందికి అక్కడే నవ్వొచ్చేసేది. మిగిలిన సగం మంది ఇంకా గట్టిగా తిట్టేవాళ్ళు. ఎట్లైనా ఆయప్ప పని జరిగేది.

అట్లాంటోణ్ణి ఓడించిన మనిషి ఒకతి వచ్చింది. ఆనందమ్మ. తిరుచానూరులో అమ్మవారి గుడిముందర పూలమ్ముతాది. గిరిప్రసాద్ డాక్టరు ఆమె సెట్టుకు మూడుసార్లు రీలైను చేయించినాడు, మూడుసార్లూ వదులైంది. పేషెంటుకు ఇంకా అలవాటు కాలేదని చీటీ రాసి పంపించినాడు. మునివెంకటప్ప పూత చూసినాడు, అంచులు చూసినాడు, అచ్చు మీద కూర్చోబెట్టి నాలుగు పక్కలా నొక్కినాడు. రాయి మాదిరి ఉండాది. సరే, మనిషిని కదిలిద్దామని, "పూలు నిన్నటివే నీళ్ళు చల్లి అమ్ముతారంట గదమ్మా" అన్నాడు.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకోని, "పెద్దోళ్ళు మీరు. అట్లే అనుకోండి సామీ" అనింది.

ఈయప్ప వదల్లేదు. తూకం తక్కువన్నాడు, వాసన లేదన్నాడు. దేనికైనా "నిజమే సామీ" అనే జవాబు. ఆ మధ్యాన్నం మునివెంకటప్ప అన్నం ముట్టలేదు.

మెట్ల మీద నాకు చెప్పుకోని ఏడ్చింది ఆమె. ఏడాది కింద మొగుడు పోయినాడు. ఆయన పూలు కట్టేవాడు, ఈమె కేకేసి అమ్మేది. ఇప్పుడు నోరు తెరిస్తే సెట్టు జారుతాది, కేక బదులు గాలి వస్తాది. కేకెయ్యలేనిదానికి ముందు జాగా దేనికి, అమ్మవారి ఉత్సవాల్లో కడపటి దినం పంచమీతీర్థం వచ్చేలోపల వెనక వరస దేవకమ్మకు వదిలిపెట్టమని వరసలోని పూలోళ్ళంతా తీర్మానం చేసినారు. వెనక వరసలో కూర్చుంటే పూలు సాయంత్రానికి ఆవులకే. తీర్థానికి పన్నెండు దినాలుండాయి.

మరుసటి దినం పొద్దన్నే మునివెంకటప్ప నన్ను కూడా బస్సెక్కించి తిరుచానూరుకు పోయినాడు. ఇద్దరం ఎదురుగా అరుగు మీద దొంగల మాదిరి కూర్చున్నాం. ఆమె మూర కట్టడం, అరటినారను ముందుపళ్ళతో పట్టి పీకి తెంచడం. మూర కట్టడం, పీకి తెంచడం. పీకినప్పుడల్లా సెట్టు వెనకపక్క కిందికి దిగేది. దినానికి మూడొందల తూర్లు.

"డాక్టరు కుర్చీలో నార కొరికి చూపించమని ఎవురన్నా అడుగుతారా అక్కా?" అన్నాడు నాతో మునివెంకటప్ప. "అదొకటి. ఇంకొకటి ఉండాది. డాక్టరు ముందర నోరు తెరిచేదానికి సిగ్గుపడి, పెదాలు బిగబట్టుకోనుంటాది. అది మర్యాద చేసే నోటి అచ్చు. ఆమెకు పనికొచ్చేది తిట్టే నోటి అచ్చు."

గిరిప్రసాద్ డాక్టరుతో ఫోనులో గంటసేపు వాదన పెట్టుకున్నాడు. నీతో వాదించాలంటే నాకు ఇంకొక వరస పళ్ళు కావాలప్పా అని ఆయన విసిగిపోయి, చెప్పినట్టే చేసినాడు. సెట్టు లోపల మెత్తటి పూత పెట్టి పంపించినాడు. రెండు దినాలు అది నోట్లో పెట్టుకోని ఆమె తినాల, కేకెయ్యాల, అరవాల. అప్పుడు ఆ పూత నిజమైన చిగురు ఆకారం పట్టుకుంటాది. నార తెంచేదానికి మునివెంకటప్ప బుట్ట అంచుకు ఒక గోళ్ళ కత్తెర దారంతో కట్టినాడు. అంతా బాగానే ఉండాది గానీ, ఆమె అరిస్తే గదా.

దానికి నన్ను పంపించినాడు. ఒక బుట్ట కనకాంబరాలిచ్చి, ఆమె పక్కనే పోటీకి కూర్చోమన్నాడు. ల్యాబు జీతం చాల్లేదని, పూల యాపారానికి వచ్చినానని ఆమెతో అబద్ధం చెప్పినాను. నేను ఆమె బేరాలు లాగినాను. ఆమె పూలను ఎగతాళి చేసినాను. మధ్యాన్నం దాకా ఆమె తలొంచుకోని కట్టుకుంటానే ఉండాది. నాకు ఓపిక చచ్చి యాష్ట వచ్చి, బేరానికొచ్చిన ఆడమనిషితో, "ఈమె మొగుడు కట్టిన మాలలు గర్భగుడి చేరకముందే విడిపోయేవంట" అనేసినాను.

ఆనందమ్మ చేతిలో మూర కిందపడింది. లేచింది.

"మా మునిశేఖరు కట్టిన మాల విడిపోయిందని ఏ నోరు చెప్పింది? వాడిపోతాది గానీ విడిపోదే మునిశేఖరు ముడి! నీ మాదిరిదానికి నార పట్టుకునేది కూడా తెలీదు, మునిశేఖరుకు వంక పెట్టేదానికి వచ్చినావా నువ్వు?"

గంటసేపు తిట్టింది. వీధి వీధంతా నిలబడి వినింది. నన్ను తిట్టేదాంట్లో ఆమె నాకంటే గట్టిది, ఒప్పుకోక తప్పదు. సెట్టు ఇంత కూడా కదల్లేదు. కొబ్బరికాయల అంగడి పక్కన మునివెంకటప్ప కండ్లు మూసుకోని తలాడిస్తా ఉండాడు. నేను చూసినాను.

ఆ అచ్చుకే గట్టి పూత పోసినాం. పంచమీతీర్థం దినం అంత జనంలోనూ ఆనందమ్మ కేక కోనేటి దాకా వినపడింది. ముందు జాగా అడిగేదానికి దేవకమ్మ నోరెత్తలేదు.

మా పని అయిపాయనని నేను బుట్ట తెచ్చి ల్యాబులో పెట్టినాను. మునివెంకటప్ప ఆ బుట్ట తీసి మళ్ళీ నా చేతికే ఇచ్చినాడు.

"పళ్ళు కుదిరినాయి గదప్పా, ఇంకెందుకు?" అన్నాను.

"మొగుడి పేరు ఎత్తకూడదని ఏడాదిగా ఆ పేరు లోపలే పెట్టుకోనుండాది అక్కా. కోపంలో ఎన్నిసార్లు అనిందో నువ్వు లెక్కపెట్టలేదు, నేను పెట్టినాను. పదునాలుగు సార్లు. తిట్టి కూర్చున్నాక ఆమె ముఖం చూసినావా? నీళ్ళు పోసిన పూల మాదిరి ఉండాది. మంగళవారం అయితే జనం తక్కువుంటారు. వారం వారం పోయి, మునిశేఖరు కట్టిన మాలలకు ఏదో ఒక వంక పెట్టి రా."